మంచం ఎవరిది? ఉలి ఎవరిది?

"కొనుక్కుంటే పోయేది కదా!"

నేను మంచం చేసుకుంటున్నానని తెలిసిన ప్రతివాళ్లూ అన్న మొదటి మాట ఇదే. అమ్మ అంది. నాతోపాటు పాఠం చెప్పేవాళ్లన్నారు. ఎన్నో ఏళ్లుగా స్త్రీల ఉద్యమంలో ఉన్న ఒక పెద్దావిడ కూడా అన్నారు. చివరికి నాకు ఆ పని నేర్పిన వడ్రంగి తాత కూడా ముందు ఆ మాటే అన్నాడు: "కొనుక్కుంటే అయిపోతుండె గద బిడ్డా!"

"మంచం చేయించుకుంటున్నాను" అని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. "ఏ చెక్క? ఎంతయింది?" అని అడిగి ఊరుకునేవాళ్లు. "చేసుకుంటున్నాను" అనేసరికి అందరికీ ఏదో ఇబ్బంది. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో చేయు, చేయించు అని ప్రేరణార్థకాలు వల్లె వేశాం. ఆ "ఇంచు" అనే చిన్న ప్రత్యయంలో మన సమాజమంతా ఇరుక్కుని కూర్చుంది. మాలాంటి చదువుకున్న ఇళ్లల్లో ఆడవాళ్లు వంట చేస్తారు, గిన్నెలు తోముతారు, పిల్లల్ని పెంచుతారు. మంచం మాత్రం చేయిస్తారు. అంటే ఆడవాళ్లకి చేతిపని తెలియదని కాదు. ఏ పని చెయ్యాలో, ఏ పని చేయించాలో కులమూ, పితృస్వామ్యమూ కలిసి ముందే రాసిపెట్టాయి. ఆ రాతని స్త్రీవాదులం మనం ఎంతవరకు చెరిపేశాం? ఈ వ్యాసంలో నేను అడగదల్చుకున్నది అదే.

ముందు మంచం సంగతి చెప్పాలి.

తెలుగింటి ఆడపిల్లకి మంచం సారెతో వస్తుంది. శోభనానికి పందిరిపట్టె మంచం, పురిటికి కుక్కిమంచం. మధ్యలో ఒళ్లు బాగాలేకపోతే "మంచం పట్టింది" అంటారు. ఇన్ని మంచాల్లో ఏ ఒక్కటీ ఆమె ఎంచుకున్నది కాదు. మా అమ్మ పెళ్లి 1984లో జరిగింది. ఆమెకి టేకు పందిరిపట్టె మంచం ఇచ్చారు. పొలం మామయ్యలకి పోయింది. 1985 ఈ విషయంలో విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది మార్చిలో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేననీ, భర్త దగ్గరున్నా అత్తమామల దగ్గరున్నా వాళ్లు దాన్ని భద్రపరిచేవాళ్లు మాత్రమేననీ చెప్పింది. వధూవరులకిచ్చే కానుకలకి జాబితా రాసిపెట్టాలని వరకట్న నిషేధ చట్టం కింద అదే ఏడాది నిబంధనలొచ్చాయి. ఆ సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కునిచ్చింది - అప్పటికే పెళ్లయినవాళ్లకి తప్ప. ఆ మినహాయింపు పోవడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సొచ్చింది. మా అమ్మ ఒక్క ఏడాది తేడాతో ఆ గీతకి అవతల ఉండిపోయింది. పొలానికి బదులు మంచం.

నా పెళ్లి 2015లో. నా మంచం టేకుది కూడా కాదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద వరసగా ఉండే ఫర్నిచర్ షాపుల్లో ఒకదాంట్లో మా నాన్న అప్పు చేసి కొన్నాడు. పైన టేకు రంగు రేకు అంటించిన చిప్‌బోర్డు. 2019లో మేం విడిపోయినప్పుడు ఇద్దరి తరఫు పెద్దలూ కూర్చుని ఒక జాబితా రాశారు. అందులో నాలుగోది: "డబుల్ కాట్ - ఒకటి". ఆ మంచం ఆటో ట్రాలీలో ముక్కలుగా తిరిగొచ్చింది. బిగించబోతే బిగుసుకోలేదు. పొట్టు, జిగురు కలిపి నొక్కిన పలకలో స్క్రూ పట్టు బలహీనం. ఒకసారి ఊడదీస్తే రెండోసారి అదే రంధ్రంలో గట్టిగా పట్టదు. హక్కు నాదే అని సుప్రీంకోర్టు చెప్పిన వస్తువు నా ముందు కుప్పగా పడి ఉంది. దాని మీద నాకున్న హక్కుకి అర్థమేమిటో ఆ రోజు నాకు తెలియలేదు.

ఈ నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాన్ని ఒకసారి స్త్రీల కళ్లతో నడిచి చూడండి. ఫర్నిచర్ షాపుల్లో ఆడపిల్ల తండ్రులు మంచాలు బేరమాడుతుంటారు. అక్కణ్ణించి కొంచెం దూరంలోనే నాంపల్లి క్రిమినల్ కోర్టులు. పెళ్లినాటి సామాన్ల జాబితాలు పట్టుకుని ఆడవాళ్లు అక్కడ ఆవరణలో నిలబడుతుంటారు. అటు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇక్కడికి మారిన నుమాయిష్‌లో ఏటా సహారన్‌పూర్ చెక్కడపు చెక్కసామాను చూడ్డానికి జనం మూగుతారు. ఆ గ్రౌండ్స్‌లోనే ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. మంచం కొనే చోటు, మంచం కోసం కొట్లాడే చోటు, మంచాన్ని చూసి మురిసిపోయే చోటు, ఆడపిల్లలు సాంకేతిక విద్య చదివే చోటు, అన్నీ నడిచిపోయేంత దూరంలో ఉన్నాయి. ఆడవాళ్లు మంచం చేసే చోటు మాత్రం ఆ దారిలో ఎక్కడా కన్పించలేదు.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవడం నాకు విద్యార్థి దశ నుంచీ అలవాటు. అలా వెళ్తూ ఒక సందులో రేకుల షెడ్డు కింద మంచాలు, కుర్చీలు బాగుచేసే ముసలాయన్ని చూశాను. నల్లగొండ వైపు నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చాడు. ఊళ్లో వాళ్లని "వడ్లోళ్లు" అంటారు. నాకు నేర్పమని అడిగితే నవ్వాడు. మూడో ఆదివారం కూడా వెళ్లేసరికి ఒక పాత ఉలి, సానరాయి చేతిలో పెట్టి "ముందు దీనికి పదును దియ్యి, తర్వాత జూద్దాం" అన్నాడు.

రెండు ఆదివారాలు పదునే. ఆడవాళ్లకి ఇంత బలం ఎక్కడిదని అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: వడ్రంగానికి కావలసింది బలం కంటే ముందు పదును. మొద్దు ఉలితోనే బలం కావాలి. పదునుగా ఉన్న ఉలి చెక్కపొరని చపాతీ పిండిలా కోస్తుంది. బలం మాటే నిజమైతే ఈ నగరంలో కట్టే ప్రతి భవనం దగ్గరికీ వెళ్లి చూడండి. ఇసక తట్ట ఆమె తలమీద, తాపీ ఆయన చేతిలో. బరువు ఆమెది, పనిముట్టు ఆయనది. కూలి ఎవరికి ఎక్కువో చెప్పక్కర్లేదు. స్త్రీలని పనిముట్టుకి దూరంగా ఉంచింది వాళ్ల బలహీనత కాదు. పనిముట్టు చేతికొస్తే పనితనం వస్తుంది, పనితనం వస్తే రేటు అడుగుతారు, పేరు అడుగుతారు. అసలు భయం అదీ.

కూల్చిన పాత ఇంటి టేకు దూలం ఒకటి కొన్నాను. ఆరున్నర అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు మంచం. మూడంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పట్టెలు నాలుగు. మూడంగుళాల చదరంలో అడుగున్నర ఎత్తు కోళ్లు నాలుగు. లెక్క వేస్తే ఇంచుమించు 1.2 ఘనపుటడుగుల కలప, తరుగు కాక. పాత కలపే ఎందుకంటే అది ఆరిపోయి ఉంటుంది. పచ్చి చెక్క ఆరేటప్పుడు నిలువునా పెద్దగా తగ్గదు కానీ అడ్డంగా తగ్గుతుంది. అప్పుడు కీళ్లు వదులవుతాయి.

ఈ మంచానికి మేకు లేదు, స్క్రూ లేదు, జిగురు లేదు. ప్రతి పట్టె కొసనీ సన్నని నాలుకలా మిగిల్చి చుట్టూ కోసేస్తారు. అది కుసి. కోడులో దానికి సరిపడే రంధ్రం తొలుస్తారు. ఎనిమిది కుసులు, ఎనిమిది రంధ్రాలు. కుసి మందం పట్టె మందంలో మూడో వంతుకి అటూఇటూగా ఉండాలి. తాత దగ్గర ముప్పావు అంగుళం ఉలి ఉంది కనక ముప్పావు. కొలత పనిముట్టుని బట్టి ఉంటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక్కో కోడులోకి రెండు వైపుల నుంచి రెండు పట్టెలొస్తాయి. రెండు కుసులూ ఒకే ఎత్తులో ఉంటే లోపల ఢీకొంటాయి. అందుకని పొడుగు పట్టె కుసి కింది సగంలో, పొట్టి పట్టె కుసి పై సగంలో ఉంచాలి. బయటికి రెండు పట్టెలూ సమానంగా కన్పిస్తాయి. లోపల ఒకదాని మీదుగా ఒకటి పోతాయి.

రంపం పట్టిన రోజు తాత ఒక్కటే చెప్పాడు: "గీతను కొయ్యొద్దు. గీత పక్కపొంటి కొయ్యాలె." నేను గీతనే కోశాను. మొదటి కుసి రంధ్రంలో లూజుగా ఆడింది. పారెయ్యడానికి కలప ఎక్కువ లేదు. పలచని చెక్కపొర చీల్చి దాని పక్కన దూర్చాం. ఇప్పటికీ ఆ మూల నాకు కన్పిస్తూనే ఉంటుంది. పీహెచ్‌డీలో నేను చేసిన తప్పులు ఫుట్‌నోట్లలో దాచగలిగాను. ఇక్కడ దాచే చోటు లేదు.

చివర్లో తాత అడిగాడు, కీళ్లకి చెక్క చీలలు కొట్టమంటావా అని. చీల కొడితే కీలు ఇక ఊడదు. కొట్టకపోతే నవారు బిగువే మంచాన్ని పట్టి ఉంచుతుంది: ఎదురెదురు పట్టెల్ని నవారు లోపలికి లాగుతుంటే కుసులు కోళ్లలోకి ఇంకా బిగుసుకుంటాయి. నవారు విప్పితే మంచం విడిపోతుంది. ఇంకో ఇంట్లో మళ్లీ బిగించుకోవచ్చు. ఒంటరి ఆడదానికి ఈ నగరంలో ఎన్ని అద్దె ఇళ్లు మారాల్సి వస్తుందో నాకు తెలుసు. చీలలు వద్దన్నాను. నా మంచం ముక్కలుగా ఇల్లు మారుతుంది, కానీ కుప్పగా మిగిలిపోదు.

ఇక్కడితో ఆపితే ఇది ఆదివారం అనుబంధాల్లో వచ్చే ఫీల్‌గుడ్ కథ అవుతుంది: "మంచం చేసిన మహిళా డాక్టరేట్". ఆ కథ నాకు వద్దు. అందులో అవ్వ లేదు.

అవ్వ అంటే తాత భార్య. పదకొండు ఆదివారాలూ ఆమె అక్కడే ఉంది. పొద్దున్నే షెడ్డు ఊడ్చేది ఆమె. గరుకు కాగితంతో పట్టెలు రుద్దేది ఆమె. పాలిష్ పెట్టేది, కుర్చీలకి కేను అల్లేది, మంచాలకి నవారు అల్లేది ఆమె. నా మంచం నవారుని సగం ఆమే అల్లింది. నేను అల్లింది వదులుగా ఉందని విప్పి మళ్లీ అల్లింది. ఇందాక చెప్పాను కదా, ఆ మంచాన్ని పట్టి ఉంచేది నవారు బిగువేనని. అంటే నా మంచంలో మేకు చెయ్యాల్సిన పని అవ్వ చేతులు చేశాయి. ఒకరోజు తాత ఆలస్యమైతే ఆమె ఉలి తీసుకుని సానపట్టడం చూశాను. నాకు రెండు ఆదివారాలు పట్టిన పదును ఆమె పది నిమిషాల్లో తీసింది.

"అవ్వా, నీకు అన్నీ వచ్చు గదా!" అన్నాను.

"నాకేమొస్తది బిడ్డా! ఆయన పనికి ఆసరైత, గంతే" అంది.

ఆసర. కోస్తాలో అయితే చేదోడు అంటారు. పొలంలో, మగ్గం దగ్గర, కుండల వాముదగ్గర, ఉలి దగ్గర ఆడవాళ్లు చేసిన సగం పనిని ఈ మాట మింగేసింది. కొండపల్లి బొమ్మల గురించి ఎవరు రాసినా మగవాళ్లు చెక్కుతారు, ఆడవాళ్లు రంగులేస్తారు అని రాస్తారు. చెక్కినవాడు కళాకారుడు, రంగువేసింది ఇంటి మనిషి. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే పనిలో ఎంతోమంది ఆడవాళ్లున్నారు. వాళ్ల చేతుల్లో రంపమూ ఉంది, ఆకురాయీ ఉంది. చెక్కపని ఆడవాళ్లకి రాదనేవాళ్లు ఒకసారి అక్కడిదాకా వెళ్లి రావాలి.

ప్రభుత్వం చూపు కూడా ఆ "ఆసర" దగ్గరే ఆగిపోయింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో వడ్రంగం ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకి 500, తర్వాత తక్కువ వడ్డీకి అప్పు. మంచిదే. కానీ నిబంధన చూడండి: కుటుంబానికి ఒక్కరే. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఒకే షెడ్డులో, ఒకే మంచం మీద ఇద్దరు పని చేస్తుంటే ఆ ఒక్కరు ఎవరవుతారో మనకి తెలియనిదేం కాదు. చట్టం "భర్త" అని రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు కనక రాయలేదు.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు అనుకోనక్కర్లేదు. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ స్కూలు స్త్రీపురుష భేదం చూడమని ప్రకటించి, చేరిన ఆడపిల్లల్ని నేత విభాగంలోకి మళ్లించింది. అల్మా బుషర్ అనే విద్యార్థిని నేతలోంచి పట్టుబట్టి చెక్క విభాగానికి మారింది. 1923లో ఆ స్కూలు ప్రదర్శనకి కట్టిన నమూనా ఇంట్లో పిల్లల గది సామాను ఆమె రూపొందించిందే. ఆధునికత కూడా ఆడదాని చేతికి ముందు దారమే ఇచ్చింది. చెక్క ఆమె గుంజుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఆడపిల్లలకి వృత్తివిద్య అనగానే కుట్టు, ఎంబ్రాయిడరీ, బ్యూటీ పార్లర్, కంప్యూటర్ అంటాం. ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఉంది. ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఏడాది కోర్సు. ఆడపిల్ల చేరకూడదని ఏ నిబంధనా లేదు. చేరమని చెప్పేవాళ్లే లేరు. కేరళలో ఎట్టుమానూరు దగ్గర అర్చన విమెన్స్ సెంటర్ స్త్రీలకి తాపీపని, వడ్రంగం నేర్పింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

నా మీద రాబోయే విమర్శలు నాకు తెలుసు. ఒకటి: జీతం వస్తున్న మనిషి సరదాకి ఉలి పట్టి దాన్ని రాజకీయం అంటోందని. నిజమే. నా చెయ్యి తెగితే సెలవు పెట్టాను. తాత చెయ్యి తెగితే పస్తు. మా ఇంట్లో తరతరాలుగా కలం పట్టారు తప్ప ఉలి పట్టలేదు. ఆ తేడాని ఒక్క మంచం చెరిపెయ్యదు. రెండోది ఇంకా పదునైంది: కులవృత్తుల నుంచి పిల్లలు బయటపడి చదువుకోవాలని కొట్లాడుతుంటే నువ్వు కులవృత్తికి పూలదండ వేస్తున్నావా అని. లేదు. తాత మనవరాలు బీకాం చదువుతోంది, ఆమె ఉలి పట్టనక్కర్లేదు. పుట్టుక వల్ల ఉలి పట్టాల్సి రావడం ఎంత అన్యాయమో, పుట్టుక వల్ల ఉలి పట్టకూడదనడం కూడా అంతే అన్యాయం. వృత్తికి కులం నుంచీ, లింగం నుంచీ ఒకేసారి విడుదల కావాలి. పనిముట్టు ఎవరు నేర్చుకుంటే వాళ్లది కావాలి. వృత్తిని మెచ్చుకుంటూ వృత్తి చేసేవాళ్లకి రేటు పెంచని నుమాయిష్ ప్రేమ మనకొద్దు.

మూడోది మనలోంచే వస్తుంది: ఇన్ని హింసలుండగా మంచం ఒక సమస్యా అని. 1929లో వర్జీనియా ఉల్ఫ్ రాసేవాళ్లకి సొంత గది కావాలంది. మనం ఆ గది గురించి వందల పేజీలు రాసుకున్నాం. వంటిల్లు గురించి రాశాం, పడగ్గదిలో జరిగే హింస గురించి ధైర్యంగా రాశాం. కానీ ఆ గదిలో తలుపు, బల్ల, మంచం ఎవరు చేస్తారో అడగలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలకి, 1971లో చేనేత పదాలకి మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చారు. వృత్తి పదాలు భాషకి ఎంత అవసరమో భాషాశాస్త్రం గుర్తించి అరవై ఏళ్లు దాటింది. స్త్రీవాద సాహిత్య విమర్శకి మాత్రం ఉలి, సాన, కుసి ఇప్పటికీ పరాయి మాటలే. నాకూ నిన్నటిదాకా అంతే.

అందుకని నేను అడిగేవి పెద్దవేం కావు. మహిళా పాలిటెక్నిక్కుల్లో, ఐటీఐల్లో వడ్రంగం, తాపీపని, ప్లంబింగ్ ఆడపిల్లలకి పేరుపెట్టి చెప్పాలి, హాస్టలూ స్టైపెండూ ఇవ్వాలి. విశ్వకర్మ పథకంలో "కుటుంబానికి ఒక్కరు" అన్న నిబంధన తీసెయ్యాలి. షెడ్డులో పని చేసే ప్రతి మనిషినీ వృత్తిదారుగా నమోదు చెయ్యాలి. మనం, రాసేవాళ్లం, "చేదోడు", "ఆసర" అనే మాటలు వాడేముందు ఆ చేతులు ఏం చేస్తున్నాయో చూసి దానికి అసలు పేరు పెట్టాలి.

అన్నట్టు, మా అమ్మ నా మంచం చూడ్డానికి వచ్చింది. కూర్చుని పట్టెని చేత్తో తడిమింది. "గట్టిగానే ఉందే" అంది. కాసేపాగి "ఎవరి పేరున ఉందే ఇది?" అని నవ్వింది. ఆమెకి వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత ఆలోచిస్తే, అవ్వ పేరు కూడా చెప్పాలి కదా అన్పించింది. మరుసటి ఆదివారం షెడ్డుకి వెళ్లి నవారు అల్లిన కూలి విడిగా ఆమె చేతికిచ్చాను. ఆమె ఆ నోట్లు తాత వైపు చాపింది. తాత తీసుకోలేదు. "నీయే గదా" అన్నాడు.

ఆమె వాటిని రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.